సెకండ్ హ్యాండ్ కారులో వైరింగ్ లోపాలు: షోరూమ్‌పై కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది గుంటూరు. నేను ఉపాధ్యాయురాలిని. 2024 నవంబరు 18న విజయవాడలోని ఒక సెకండ్ హ్యాండ్ కార్ల షోరూమ్‌లో 2019 మోడల్ చిన్న పెట్రోల్ కారును 4,85,000 రూపాయలకు కొన్నాను. అందులో 3,00,000 ఫైనాన్స్ కంపెనీ నేరుగా షోరూమ్ ఖాతాకు చెల్లించింది. లక్ష రూపాయలు అక్కడి సేల్స్‌మ్యాన్ ఫోన్ నంబరుకు పంపాను, మిగిలిన 85,000 నగదుగా ఇచ్చాను. నెల తిరిగేసరికి ఉదయానికల్లా బ్యాటరీ దిగిపోవడం, అద్దాలు వాటంతటవే కిందికి జారడం, వాన పడితే హారన్ ఆగకుండా మోగడం, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతూ ఉండిపోవడం మొదలయ్యాయి. రెండు బ్యాటరీలు మార్చాను, ఎలక్ట్రీషియన్లకు 38,000 దాకా ఖర్చయింది. షోరూమ్‌కు ఫోన్ చేస్తే ‘చూద్దాం మేడమ్’ అంటారు. ఒక అర్ధరాత్రి మా అమ్మకు ఆయాసం వస్తే కారు స్టార్ట్ కాక ఎంత నరకం చూశామో చెప్పలేను. గత నెలలో ఎలక్ట్రీషియన్ కార్పెట్ ఎత్తితే కింద ఎండిపోయిన బురద కనిపించింది. ఇది వరదలో మునిగిన కారని, పాత వైరింగ్ అంతా పీకేసి కొత్తది వేస్తానని, కేసుకు పనికొచ్చేలా 2024 డిసెంబరు తేదీతో బిల్లు రాసిస్తానని అంటున్నాడు. కిస్తీలు ఆపేయమని మా మరిది సలహా. డెలివరీ కాగితంలో ‘ఉన్నది ఉన్నట్టుగా’ అని రాసి నా చేత సంతకం చేయించుకున్నారు. కొన్న నెలకే టచ్ స్క్రీన్ స్టీరియో, రివర్స్ కెమెరా పెట్టించాను. నా డబ్బు తిరిగి వస్తుందా? కాగితాల ఫొటోలు జతచేశాను.
— ఒక పాఠకురాలు

జవాబు: మీ అమ్మగారి అనారోగ్యం గురించి, ఇంట్లో పడుతున్న మాటల గురించి మీరు వివరంగా రాశారు. వాటిని బట్టి ఏ వినియోగదారుల కమిషనూ తీర్పు ఇవ్వదు కనుక నేను వాటి జోలికి వెళ్లడం లేదు. ఈ వ్యవహారాన్ని తేల్చే ప్రశ్న ఒక్కటే: లోపం కారు మీ చేతికి రాకముందే ఉందా, వచ్చాక పుట్టిందా? ముందే ఉందని, అది షోరూమ్‌కు తెలుసునని లేదా తెలిసి ఉండాల్సిందని చూపగలిగితే మీ కేసు బలంగా ఉంటుంది. చూపలేకపోతే, ఏడేళ్ల కారులో వైరింగ్ పాడవడం మామూలేనని అవతలి న్యాయవాది ఒక్క వాక్యంతో ముగిస్తారు. రుజువు చేయాల్సిన భారం ఫిర్యాదు చేసినవారిదేనని సుప్రీంకోర్టు 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో మరోసారి స్పష్టం చేసింది.

మీరు ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంతో దాటేసిన స్టీరియో సంగతి అవతలివారి చేతికి దొరికే మొదటి ఆయుధం. బయటి షాపుల్లో స్టీరియో, కెమెరా బిగించేటప్పుడు కంపెనీ వైర్లను మధ్యలో గీరి కలుపుతారు. ఆ అతుకు సరిగా లేకపోతే తాళం తీసేశాక కూడా కరెంటు లాగుతూనే ఉంటుంది, తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంది. కాబట్టి బ్యాటరీ దిగిపోవడం ఒక్కటే మీ ఫిర్యాదు అయితే కేసు అక్కడే బలహీనపడుతుంది. అయితే వాన పడినప్పుడు హారన్ మోగడం, అద్దాలు జారడం, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగడం స్టీరియో అతుకుతో సులభంగా పొసగవు. నీరు చేరి కనెక్టర్ల పిన్నులు పచ్చగా చిలుము పట్టినప్పుడు, డ్యాష్‌బోర్డు కింద ఉండే ఫ్యూజ్ బాక్సులోనో అద్దాలు, హారన్ వంటివాటిని నడిపే బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే ఎలక్ట్రానిక్ పెట్టెలోనో తేమ మిగిలినప్పుడు ఒకదానితో ఒకటి సంబంధం లేని లోపాలు ఇలా గుంపుగా వస్తాయి. ఈ రెండు కారణాలనూ విడదీసి చెప్పే సాంకేతిక నివేదికే మీకు కావాలి.

ఇక మీరు పంపిన ఫొటోల్లో మీరు గమనించని కాగితం ఒకటి ఉంది. కారుతోపాటు షోరూమ్ మీకు ఇచ్చిన పాత యజమాని బీమా పాలసీ అది. 2024 అక్టోబరు 9న మొదలైన ఆ పాలసీలో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము తీసుకోనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, సున్నా అని ఉంది. వరుసగా అయిదేళ్లు క్లెయిము లేని కారుకు ఆ తగ్గింపు 50 శాతం వరకు వస్తుంది. సున్నా ఉందంటే అంతకుముందు సంవత్సరంలో క్లెయిము తీసుకుని ఉండవచ్చు. పాలసీ మీద ఉన్న చిరునామా విజయవాడ అజిత్ సింగ్ నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు రోజుల తరబడి నీటిలో ఉన్న ప్రాంతాల్లో అది ఒకటి. ఆ తేదీ ఆ ముందు పాలసీ సంవత్సరంలోనే పడుతుంది. మీరు కారు కొన్నది వరద వచ్చిన పదకొండు వారాలకు. ఇవన్నీ ఒకే వైపు చూపిస్తున్నా, ఇది ఇంకా రుజువు కాదు. పాలసీ 90 రోజులకు మించి తెగిపోయినా, యజమాని తన బోనస్‌ను మరో కొత్త కారుకు మార్చుకున్నా ఆ గడిలో సున్నాయే కనిపిస్తుంది. అయినా కమిషన్ ముందు ఏ పత్రాన్ని తెప్పించమని అడగాలో మీకు ఈ కాగితం చెబుతోంది. బీమా కంపెనీ పాత యజమాని క్లెయిము వివరాలను మీరు అడిగితే ఇవ్వకపోవచ్చు. కానీ పత్రాలను తెప్పించే విషయంలో వినియోగదారుల కమిషన్‌కు సివిల్ కోర్టుకు ఉన్న అధికారాలు ఉన్నాయి. ఫిర్యాదుతోపాటే క్లెయిము ఫైలు, సర్వేయరు నివేదిక తెప్పించాలని ప్రత్యేకంగా ఒక దరఖాస్తు వేయండి. కారు ఇప్పుడు మీ పేరున ఉంది కనుక ఆర్‌సీ నకలు, చాసిస్ నంబరు చూపి కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌లో పాత సర్వీస్ చరిత్రను మీరే రాతపూర్వకంగా అడగవచ్చు. 2024 సెప్టెంబరు, అక్టోబరు నెలల జాబ్ కార్డులు, అంటే కారుకు చేసిన పనిని సర్వీస్ సెంటర్ నమోదు చేసే కాగితాలు, దొరికితే సగం కేసు గెలిచినట్టే.

ఎలక్ట్రీషియన్ ఇస్తానన్న పాత తేదీ బిల్లు సంగతి. దాన్ని ముట్టుకోవద్దు, ఆ ఆలోచనను ఇక్కడితో వదిలేయండి. వినియోగదారుల కమిషన్ విచారణను చట్టం న్యాయ విచారణగానే పరిగణిస్తుంది. అలాంటి విచారణలో వాడటానికి తప్పుడు సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. ఆ శిక్ష సృష్టించినవారికే కాదు, అబద్ధమని తెలిసి వాడుకున్న మీకూ వర్తిస్తుంది. బిల్లు పుస్తకంలో వరుస సంఖ్య, అతను వాడానని రాసిన విడిభాగం కొన్న తేదీ, ఆ రోజు మీ ఇద్దరి ఫోన్ సంభాషణలు, వీటిలో ఏది తేడాగా ఉన్నా క్రాస్ ఎగ్జామినేషన్‌లో పది నిమిషాల్లో బయటపడుతుంది. అప్పుడు మీ దగ్గర ఉన్న నిజమైన బురదను కూడా ఎవరూ నమ్మరు. పాత వైరింగ్ పీకించడం అంతకంటే పెద్ద పొరపాటు. చిలుము పట్టిన ఆ వైర్లే మీ ప్రధాన సాక్ష్యం. అవి తుక్కు బస్తాలో పడిన రోజున లోపం ఎప్పటిదో చెప్పగల వస్తువు ఈ భూమ్మీద మిగలదు. పరీక్షతో తప్ప తేలని లోపమైతే దాన్ని తగిన ప్రయోగశాలకు పంపే ఏర్పాటు చట్టంలోనే ఉంది. పంపడానికి ఏమీ మిగల్చకపోతే కమిషన్ కూడా చేయగలిగింది ఉండదు.

ఇప్పటిదాకా మీరు చేసినవాటిలో కొన్నింటిని ఉపేక్షించలేను. పాఠాలు చెప్పే మీరు ఏడాదిన్నర పాటు షోరూమ్‌కు ఒక్క అక్షరం రాయకుండా ఫోన్లతోనే సరిపెట్టారు. 38,000 ఖర్చుకు ఒక్క బిల్లు తీసుకోలేదు. లక్ష రూపాయలు సంస్థ ఖాతాకు కాకుండా ఒక ఉద్యోగి నంబరుకు పంపారు, 85,000 రసీదు లేకుండా చేతిలో పెట్టారు. ‘మేము మధ్యవర్తులం మాత్రమే, అమ్మింది పాత యజమాని’ అని రేపు షోరూమ్ అంటుంది. ఆ వాదన నిలిస్తే మీ కేసు వినియోగదారుల కమిషన్‌లో నిలవదు, ఎందుకంటే సొంత కారును ఒకసారి అమ్ముకున్న మామూలు వ్యక్తి వ్యాపారి కిందికి రాడు. మిమ్మల్ని కాపాడుతున్నది ఫైనాన్స్ కంపెనీ 3,00,000 నేరుగా షోరూమ్ ఖాతాకు వేయడం. అమ్మకందారు పేరు, మొత్తం ధర రాసి ఉండే రుణ మంజూరు పత్రాన్ని, చెల్లింపు వివరాలను కంపెనీ నుంచి వెంటనే తీసుకోండి. మరొకటి కూడా ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న కేంద్ర మోటారు వాహనాల నిబంధనల సవరణ ప్రకారం పాత వాహనాల డీలరుకు రవాణా శాఖ అధికారపత్రం ఉండాలి. యజమాని కారును డీలరుకు అప్పగించినప్పుడు ఫారం 29సీ ద్వారా తెలియజేయాలి, ఆ తర్వాత కారుకు ఆ డీలరునే యజమానిగా భావిస్తారు. అలాంటి అప్పగింత నమోదై ఉందా, ఉంటే ఏ తేదీన అన్నది రవాణా శాఖ కార్యాలయంలో సమాచార హక్కు దరఖాస్తుతో అడగండి. నమోదై ఉంటే మధ్యవర్తి వాదన పడిపోతుంది. ఆ తేదీ సెప్టెంబరు 1 తర్వాతదైతే మీకు మరింత బలం.

‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న మాటకు మీరు అనవసరంగా భయపడుతున్నారు. ఆ రకమైన వ్యాపారం చేసేవారి దగ్గర వర్ణనను బట్టి కొన్న సరుకు అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలన్నది 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 16లోని షరతు. కొనేవారు పరిశీలించి ఉంటే, ఆ పరిశీలనలో తెలియాల్సిన లోపాలకు ఈ రక్షణ ఉండదు. కానీ షోరూమ్‌లో నిలబడి కార్పెట్ విప్పి చూడాలని ఎవరూ ఆశించరు. స్పష్టమైన ఒప్పందంతో ఈ షరతును తప్పించుకోవచ్చని అదే చట్టంలో సెక్షన్ 62 చెబుతున్నది నిజమే. అయినా తెలిసి దాచిన మోసానికి ఆ సంతకం ముసుగు కాలేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద నాణ్యత గురించి తప్పుడు మాటలు చెప్పి అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి. కారు ‘నో యాక్సిడెంట్, నో ఫ్లడ్’ అని షోరూమ్ ప్రకటనలో గానీ, వాట్సాప్‌లో గానీ ఎక్కడైనా రాసి ఉంటే అది మీకు అన్నిటికన్నా విలువైన వాక్యం. ఆ ఫోన్‌ను మార్చకండి, సందేశాలు చెరపకండి. దాఖలు చేసేటప్పుడు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం కావాల్సిన ధ్రువపత్రం జతచేయండి.

గడువు సంగతి మీరు అడగనే లేదు, కానీ అదే మిమ్మల్ని తరుముతోంది. వినియోగదారుల ఫిర్యాదుకు వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం, అంటే ఫిర్యాదుకు దారితీసిన సంగతి, తలెత్తిన నాటి నుంచి రెండేళ్లే గడువు. బురద గత నెలలో బయటపడింది కనుక గడువు అప్పటి నుంచి లెక్కించాలని వాదించవచ్చు, మోసం విషయంలో ఆ వాదనకు ఆధారమూ ఉంది. అయితే లోపాలు 2024 డిసెంబరులోనే కనిపించాయని మీరే రాశారు కాబట్టి ఆ వాదన మీద ఆధారపడకండి. కొన్న తేదీ నుంచే లెక్కవేసుకుని 2026 నవంబరు 18ని ఆఖరి గీతగా పెట్టుకోండి. వాళ్లు ఫోన్‌లో ‘చూద్దాం’ అనడం వల్ల గానీ, మీరు లీగల్ నోటీసు ఇవ్వడం వల్ల గానీ గడువు పెరగదు. సివిల్ కోర్టులో నష్టపరిహారం దావాకు మూడేళ్లు ఉన్నా, కోర్టు ఫీజు, కాలం చూస్తే మీకు కమిషనే మేలు.

పోలీసు కేసు పెడతామని బెదిరిస్తే డబ్బు వస్తుందని కొందరు అంటారు. పాత యజమాని క్లెయిము పత్రాలు చేతికి రాకముందు మోసం ఫిర్యాదు ఇస్తే స్టేషన్‌లో ఇది సివిల్ తగాదా అని చెప్పి పంపిస్తారు, మీ నెలలు కరిగిపోతాయి. మీ మరిది చెప్పినట్టు కిస్తీలు ఆపడమూ తగదు. రుణ ఒప్పందం వేరు, కారు ఒప్పందం వేరు. కిస్తీలు ఆగితే ఫైనాన్స్ కంపెనీ కారును తీసుకుపోతుంది, దానితోపాటు మీ సాక్ష్యమూ పోతుంది.

కారును ఈ వారమే అధీకృత సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. ఏమీ మార్చవద్దని, పరిశీలన మాత్రమే కావాలని జాబ్ కార్డులో రాయించండి. కార్పెట్ కింద, సీటు పట్టాల బోల్టుల దగ్గర, ఫ్యూజ్ బాక్సు కనెక్టర్ల లోపల ఉన్నదంతా మీ సమక్షంలో వీడియో తీయించండి. స్టీరియో తీగను విప్పి, విప్పకముందు, విప్పాక కారు ఆపి ఉన్నప్పుడు ఎంత కరెంటు లాగుతోందో కొలిచి రాయమనండి. విప్పినా లోపాలు మిగిలితే మీ స్టీరియో మీద వేసే నింద అక్కడికక్కడే సడలిపోతుంది. నీరు చేరిన ఆనవాళ్లు ఉంటే ఆ మాట సాంకేతిక నిపుణుడి సంతకంతో ఉండాలి. బాగు చేయడానికి అయ్యే ఖర్చు అంచనా కూడా విడిగా తీసుకోండి. ఆ తర్వాత షోరూమ్‌కు చేరిన రుజువు ఉండేలా స్పీడ్ పోస్టులో పదిహేను రోజుల నోటీసు పంపండి.

ఫిర్యాదును విజయవాడలో వేయనవసరం లేదు. మీరు ఉంటున్న గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. మీరు చెల్లించిన ధర అయిదు లక్షల లోపే కనుక ఫీజు లేదు. ఏం కోరాలన్నది మాత్రం ఆలోచించి రాయాలి. కారు వెనక్కి తీసుకుని ధర వడ్డీతో సహా ఇప్పించాలని ముందు అడగండి, అది కుదరని పక్షంలో వైరింగ్, మాడ్యూల్ మార్పిడికి అంచనా మొత్తం, పరిహారం, ఖర్చులు ఇప్పించాలని ప్రత్యామ్నాయంగా అడగండి. కొత్త కారు విషయంలోనే, లోపం ఒక భాగంలో ఉంటే ఆ భాగం మార్చితే చాలునని 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు ఏడాదిన్నర వాడిన కారుకు పూర్తి ధర రావాలంటే వరదలో మునిగిన సంగతి, అది షోరూమ్‌కు తెలిసిన సంగతి రెండూ నిలబడాలి. మొదటిది మాత్రమే నిలిస్తే మరమ్మతు ఖర్చు, కొంత పరిహారం ఆశించవచ్చు.

పాత యజమానిని శత్రువుగా చూడకండి. ఆయన షోరూమ్‌కు అమ్మేటప్పుడు వరద సంగతి దాచకుండా చెప్పి ఉంటే ఈ కేసులో మీకు అంతకన్నా మంచి సాక్షి దొరకరు. ఆయన చిరునామా మీ దగ్గరున్న పాలసీ మీదే ఉంది. వెళ్లి మర్యాదగా అడగండి, చెప్పడానికి ఒప్పుకుంటే అఫిడవిట్ తీసుకోండి. సర్వీస్ నివేదిక, రుణ పత్రాలు జూలైలోగా చేతికి రావాలి. నోటీసు గడువు ముగిశాక ఆగకుండా, ఎట్టి పరిస్థితుల్లోనూ సెప్టెంబరు దాటకుండా ఫిర్యాదు దాఖలు చేయండి.