గుర్రం గిట్ట కుళ్ళు: వేపనూనె రాసినా వాసన పోకపోతే

వారం నుంచి వేపనూనె రాస్తున్నా వాసన, నల్లటి చీము తగ్గట్లేదంటే మీరు తడి గిట్టకే నూనె పట్టిస్తున్నట్టుంది. ఈ కుళ్ళు తెచ్చే క్రిములు గాలి తగలని చోటే పెరుగుతాయి. నూనె పొర కింద వాటికి ఇంకా హాయి.

1. గిట్ట శుభ్రం చేసే కొక్కెంతో మడమ నుంచి ముందువైపుకు గీకి పేడ, మట్టి తీయండి.
2. లీటరు గోరువెచ్చని నీళ్ళలో రెండు టీచెంచాల ఉప్పు కలిపి కడగండి.
3. ఆరబెట్టండి. అందరూ వదిలేసేది ఇదే. గిట్ట అడుగున ముక్కోణపు మెత్తటి భాగం ఉంటుంది కదా, దాని నడిమి చీలికలోకి పొడి నూలు పేలిక దూర్చండి. తడి అంటడం ఆగేదాకా పేలికలు మారుస్తూనే ఉండాలి. పైపైన తుడిస్తే లాభం లేదు.
4. అప్పుడు పొవిడోన్ అయోడిన్‌లో తడిపిన దూది చీలికలో పెట్టండి, రోజూ మార్చండి. వేపనూనె ప్రస్తుతానికి ఆపేయండి.

మూత్రంతో తడిసిన గడ్డి రెండు పూటలా తీయకపోతే మళ్ళీ మొదటికొస్తుంది.

కుంటుతున్నా, గీకితే రక్తం వచ్చినా పశువైద్యుడికి చూపించండి. ధనుర్వాతం టీకా గడువు కూడా చూసుకోండి.