పెట్రోల్ మూత తెరుచుకోకపోతే లోన్ యాప్ తెరుస్తారా?

ఒక పాఠకుడి ప్రశ్న ఇది: "కారు పెట్రోల్ ట్యాంక్ పైమూత ఇరుక్కుపోయింది. సీటు పక్కనున్న లీవరు లాగినా రావడం లేదు. స్క్రూడ్రైవర్‌తో తెరవబోతే అంచు వంగి, పెయింట్ లేచింది. గ్యారేజీ వాళ్లు మూత, కేబుల్, లాక్ అన్నీ మార్చి ఆ వైపంతా పెయింట్ వేయాలంటున్నారు. సగం నెల జీతం అవుతుందట. మిగిలిన డబ్బంతా మ్యూచువల్ ఫండ్లకూ, ఇంటి లోన్ ముందస్తు చెల్లింపులకూ వెళ్లిపోతోంది కాబట్టి ఖాతాలో ఏమీ ఉండదు. లోన్ యాప్‌లో తీసుకోనా, క్రెడిట్ కార్డు మీద నగదు తీయనా, ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయనా?"

లోన్ యాప్ వద్దు. కార్డు మీద నగదు అసలే వద్దు. "చిన్న మొత్తమే కదా, రెండు నెలల్లో కట్టేస్తాను" అంటారేమో, దేంతో కడతారండీ? ఈ నెల మిగలని డబ్బు వచ్చే నెల ఎక్కడి నుంచి ఊడిపడుతుంది? నెలకు 3 శాతం వడ్డీ అంటే తక్కువే అనిపిస్తుంది గానీ, కట్టకుండా వడ్డీ మీద వడ్డీ పడితే ఏడాదికి 42 శాతం దాటుతుంది. పైగా చాలా యాప్‌లు ఫీజు ముందే కోసుకుని మిగిలింది చేతిలో పెడతాయి, వడ్డీ మాత్రం మొత్తానికీ లెక్కేస్తాయి. కార్డుతో నగదు తీస్తే సాధారణంగా తీసిన రోజు నుంచే వడ్డీ మొదలు. ఇన్సూరెన్స్ మాటకొస్తే, అరుగుదల, మెకానికల్ లోపాలకు మామూలు పాలసీల్లో కవర్ ఉండదు, ఒకవేళ పెయింట్‌కు ఇచ్చినా మీ వంతు ఖర్చు, పోయే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) లెక్కేస్తే మిగిలేది అంతంతమాత్రం.

ఇంకో సంగతి, అప్పు దొరుకుతుందని తెలిశాక గ్యారేజీ లిస్టులో ఏదీ కొట్టేయబుద్ధి కాదు. మీకిప్పుడు అర్జెంటుగా కావలసింది మూత తెరుచుకోవడం, అంతే. ఒకరు లోపల లీవరు లాగి పట్టుకుంటే, ఇంకొకరు బయట మూతను అరచేత్తో లోపలికి నొక్కి వదలాలి. మూతను పైకి నెట్టే చిన్న స్ప్రింగు పట్టా నీరసించినా, కొక్కెం దగ్గర దుమ్ము పట్టినా చాలాసార్లు ఈ మాత్రానికే వచ్చేస్తుంది. డిక్కీలో ఆ వైపు లైనింగ్ వెనక చేత్తో లాగే తాడు కొన్ని కార్లకు ఉంటుంది, మీ కారుకు ఉందో లేదో మాన్యువల్‌లో చూడండి. లీవరు మరీ వదులుగా వచ్చేస్తుంటే కేబుల్ తెగిందో, ఊడిందో అనుకోవచ్చు, అప్పుడు కేబుల్ ఒక్కటే మార్పించండి. పెట్రోల్ బాగా తగ్గేదాకా మాత్రం ఆగకండి. ట్యాంకులో ఉండే పంపు ఆ ఇంధనంతోనే చల్లబడుతుంది, అది కాలిపోతే అసలు ఖర్చు అప్పుడు మొదలవుతుంది.

ఇక మీ ప్రశ్నను ఇక్కడ పెట్టిన అసలు కారణం. తక్కువ వడ్డీ ఉన్న ఇంటి లోన్‌ను గడువుకు ముందే తీర్చేస్తూ, పెట్రోల్ మూత కోసం అంతకు ఎన్నో రెట్ల వడ్డీకి అప్పు చేయబోతున్నారు! క్రమశిక్షణ ఉన్నవాళ్లే ఈ పొరపాటు ఎక్కువగా చేస్తారు. ఖాతాలో డబ్బు ఊరికే పడి ఉంటే వాళ్లకు నిద్ర పట్టదు. ఊరికే పడి ఉండనివ్వండి, దాని పనే అది. ఇంటి ఖర్చు, ఈఎంఐలు కలిపి కనీసం 3 నెలలకు, వీలైతే 6 నెలలకు సరిపడా సొమ్ము అత్యవసర నిధిగా ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే చోట ఉండాలి. అది సమకూరేదాకా ముందస్తు చెల్లింపులు పూర్తిగా ఆపేయండి, ఫండ్లలో వేసేది కూడా సగానికి తగ్గించండి. రాబడి పోతుందని బాధపడకండి, రేపు ఉద్యోగం పోయి, మార్కెట్ పడిపోయిన రోజునే ఫండ్లు అమ్ముకోవాల్సి వస్తే పోయేది దానికంటే చాలా ఎక్కువ.

నిజానికి ఈ రిపేరు అత్యవసర నిధిలోకి కూడా రాదు. కారు ఉన్నాక టైర్లు అరుగుతాయి, బ్యాటరీ పోతుంది, కేబుళ్లు తెగుతాయి, ఇవన్నీ వస్తాయని ముందే తెలుసు. నిరుడు సర్వీసుకూ రిపేర్లకూ అయిన ఖర్చును 12తో భాగించి, నెలనెలా అంత విడిగా పక్కన పెట్టుకోండి.

ఈ నెల ఇంటి లోన్‌కు అదనంగా కట్టాలనుకున్న డబ్బుతో కేబులో, లాకో అవసరమైంది మాత్రం మార్పించండి, అది కూడా దేనికెంతో విడివిడిగా రాయించుకున్న తర్వాతే. లేచిన పెయింట్ కింద రేకు కనిపిస్తుంటే తుప్పు పట్టకుండా టచప్ వేస్తే చాలు. మొత్తం పెయింట్ సంగతి నిధిలో 3 నెలల ఖర్చు చేరాక చూద్దాం.