గిఫ్ట్ డీడ్ రాసిచ్చిన ఇల్లు వెనక్కి వస్తుందా?

గుంటూరు బ్రాడీపేటలో ఇల్లు కొడుకు పేర రాసిచ్చిన మీ నాన్నగారు ఇప్పుడు ఆ ఇంట్లోనే అన్నం కోసం ఎదురుచూడాల్సి వస్తోందన్నారు కదా. డీడ్ రద్దుకు దారి ఉంది: 2007 వయోవృద్ధుల చట్టం, 23వ సెక్షన్. 60 దాటినవాళ్లు గుంటూరు ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవచ్చు.

చిక్కల్లా దస్తావేజులోనే. ‘ప్రేమాభిమానాలతో ఇస్తున్నాను’ అని మాత్రమే ఉంటే కష్టం. ‘నన్ను చూసుకోవాలి’ అనే షరతు కావాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025లో మాత్రం, డీడ్ రాసిన రోజే విడిగా రాసుకున్న హామీపత్రాన్నీ లెక్కలోకి తీసుకుంది. కాబట్టి బీరువాలో పాత కాగితాలన్నీ వెతకండి. ఇంకా రాయనివాళ్లు ఆ ఒక్క వాక్యం డాక్యుమెంట్ రైటర్‌తో పట్టుబట్టి రాయించుకోండి, మొహమాటం వద్దు. సలహాకు వృద్ధుల హెల్ప్‌లైన్ ‘ఎల్డర్‌లైన్’ 14567.