ముందు ఆ లక్ష సంగతి ఇంట్లో చెప్పండి

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. రొయ్యల చెరువుకి మేత కొనాలంటే చిన్ననాటి స్నేహితుడికి రెండున్నర లక్షలు చేబదులిచ్చాను. లక్షన్నర ఫోన్‌లో వేశాను, లక్ష నగదు. నోటు లేదు. రెండేళ్ల ఎనిమిది నెలలైంది. ఇప్పుడు "ఆ లక్ష ఎప్పుడిచ్చావు?" అంటున్నాడు. గట్టిగా అడిగితే మా ఆవిడకు చెబుతానంటాడు. ఆమెకు లక్షన్నర సంగతే తెలుసు.

జవాబు: మీ గుట్టు అతని చేతిలో ఉన్నంతకాలం మీ నోరు పెగలదండి. ఈ రాత్రే ఆవిడకు చెప్పేయండి. నాలుగు మాటలు పడతారు, పడాల్సిందే. రేపు పెద్దమనుషుల ముందు ఆ అంకె ఆమె చెవినపడితే అప్పు పక్కకుపోయి మీ కాపురం పంచాయితీకెక్కుతుంది.

తరవాత గడువు. చేబదులుకు డబ్బిచ్చిన రోజు నుంచి మూడేళ్లే. దాటితే దావా నిలవదు. మీకు మిగిలింది నాలుగు నెలలు. అందుకని కోపం ఇప్పుడు చూపించకండి, ముందు బాకీ ఒప్పించాలి.

వాట్సాప్‌లో మామూలుగా పెట్టండి: "ఫలానా తేదీన ఫోన్‌లో లక్షన్నర, ఆ వారమే చెరువు గట్టు మీద నగదు లక్ష ఇచ్చాను కదా. మొత్తం రెండున్నరలో ఈ పట్టుబడికి ఎంత సర్దగలవు?" (పట్టుబడంటే చెరువులో రొయ్యలు పట్టి అమ్మడం.) ఇచ్చానా లేదా అని అడిగితే కాదంటాడు, ఎంత సర్దగలవంటే బేరమాడతాడు. "ఇప్పుడు యాభై వేలు, మిగతాది వచ్చే పట్టుబడికి" అన్నాడంటే ఒప్పుకున్నట్టే. ఆ చాట్ తుడవొద్దు, ఫోన్ మార్చొద్దు. ఒట్టి స్క్రీన్‌షాట్‌ను నమ్ముకోకండి.

అంతటితో ఆగక ప్రోనోటు అడగండి. మొత్తం అంకెల్లో, అక్షరాల్లో, తేదీ, వడ్డీ, ఇద్దరు సాక్షులు, రెవెన్యూ స్టాంపు మీదుగా సంతకం. స్టాంపు లేని నోటు కోర్టులో చెల్లదు. రాసిచ్చిన తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. ఐదు వేలు తెచ్చిచ్చినా నోటు వెనక అతని చేతే చెల్లు రాయించి సంతకం పెట్టించండి. మీ డైరీలో మీరు రాసుకున్నది అక్కరకు రాదు.

చెక్కు ఇస్తే దాని మీది తేదీ నుంచి 3 నెలల్లోపు బ్యాంకులో వేయాలి. తిరిగొస్తే ఆ కబురు అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు అందాక అతనికి 15 రోజులు, అప్పటికీ ఇవ్వకపోతే నెలలోపు కోర్టులో ఫిర్యాదు. "పోన్లే, ఇంకొన్నాళ్లు చూద్దాం" అనుకుని నోటీసు గడువు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

చెరువులో రొయ్యలకు తెల్లమచ్చ రోగం తగిలితే ఎంతటివాడైనా మునుగుతాడు, నిజమే. అలాంటివాడు వాయిదా అడుగుతాడు గాని అంకె దగ్గర తగాదా పెట్టడు. మీవాడు అంకె దగ్గరే మొదలెట్టాడు. "ఇంకో యాభై వేలిస్తే పంట తీసి మొత్తం ఇచ్చేస్తా" అంటే రూపాయి కూడా ఇవ్వకండి. పట్టుబడి డబ్బు మేత కొట్టు బాకీకి, కౌలుకి పోయాక మీ దాకా రాదు కాబట్టి వాయిదా ఆ వారంలోనే పెట్టించండి.

బండి లాక్కోవడం, ఊరి గ్రూపులో పెట్టడం వద్దు, కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. నెలలో దారికి రాకపోతే వకీలు చేత నోటీసు. భీమవరంలోనో నరసాపురంలోనో కోర్టు దగ్గర న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవచ్చు, ఖర్చుండదు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది డిక్రీతో, అంటే కోర్టు తీర్పుతో సమానం, అప్పీలు లేదు. అతను రాకపోతే మాత్రం ఏమీ జరగదు, అర్జీ పెట్టారని మూడేళ్ల గడువు ఆగదు. మూడో నెల దాటకుండా దావా వేసేయండి. నగదుకు రుజువు లేదని ఆ లక్ష వదలకండి: ఆ వారం మీ ఖాతాలోంచి తీసిన పద్దు, గట్టు మీద చూసిన మనిషి ఉంటే చాలావరకు పని జరుగుతుంది.