పొగతాగేవారి ఊపిరితిత్తులకు విటమిన్ సి రక్షణ ఇస్తుందా?

ప్రశ్న: నా వయసు 47. ఇరవై ఏళ్లుగా రోజుకు పది సిగరెట్లు తాగుతున్నాను. పొగ నుంచి ఊపిరితిత్తులను విటమిన్ సి కాపాడుతుందని చదివి, 500 మి.గ్రా. మాత్రలు రోజుకు రెండు వేసుకుంటున్నాను. ఇంకా పెంచవచ్చా? మూడు నెలలుగా ఉదయం కఫంతో దగ్గు, మెట్లెక్కితే కాస్త ఆయాసం ఉన్నాయి.

జవాబు: మీరు మాత్రల గురించి అడిగారు గానీ, నాకు ఆందోళన కలిగిస్తున్నది మీరు చివర్లో రాసిన దగ్గు, ఆయాసం. మిమ్మల్ని పరీక్షించకుండా ఇది ఫలానా జబ్బని చెప్పలేను. అయితే దగ్గు రెండు వారాలు దాటితేనే క్షయ లేదని నిర్ధారించుకోవడానికి కఫం పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ఉచితం. మీ వయసుకు, అలవాటుకు ఛాతీ ఎక్స్‌రే, సీఓపీడీని (గాలి గొట్టాలు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) గుర్తించే స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి చేసే శ్వాస పరీక్ష) కూడా అవసరం. మూడు నెలలు మాత్రలతో నెట్టుకురావడం సరికాదు.

సిగరెట్ పొగలోని, కణాలను దెబ్బతీసే ఆక్సీకరణ పదార్థాలను ఎదుర్కోవడంలో శరీరంలోని విటమిన్ సి త్వరగా ఖర్చయిపోతుంది కాబట్టి, పొగతాగేవారికి రోజుకు మరో 35 మి.గ్రా. కావాలని అమెరికా నిపుణులు 2000లో సూచించారు. మనలాగే విటమిన్ సి సొంతంగా తయారుచేసుకోలేని గినీ పందులపై కోల్‌కతాలోనూ, జన్యుమార్పుతో ఆ శక్తి లేకుండా చేసిన ఎలుకలపై జపాన్‌లోనూ జరిగిన పరిశోధనల్లో అది పొగ వల్ల కలిగే హానిని తగ్గించిన మాట నిజమే. కానీ సిగరెట్ మానకుండా మాత్రలు మింగితే మనుషుల్లో సీఓపీడీ రాకుండా ఆగుతుందని రుజువు కాలేదు. మన దేశంలో పురుషులకు సూచించిన 80 మి.గ్రా.కు ఆ 35 కలిపినా, ఒక జామకాయతో సరిపోతుంది. అందువల్ల మోతాదు పెంచకండి. ముఖ్యంగా మూత్రపిండాల్లో రాళ్లు వచ్చిన చరిత్ర ఉంటే వైద్యుడికి చెప్పకుండా ఉన్న మాత్రలనూ కొనసాగించకండి.

విటమినే కదా, ఏం చేస్తుందిలే అని మందుల షాపులో అడిగి కొనుక్కునే అలవాటు గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫిన్లాండ్‌లో పొగతాగే పురుషులు 29 వేల మందికి పైగా పాల్గొన్న అధ్యయనంలో, రోజూ 20 మి.గ్రా. బీటా కెరోటిన్ (శరీరంలో విటమిన్ ఎగా మారే పదార్థం) తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువైందని 1994లో వెల్లడైంది. మేలు చేస్తుందనుకుని ఇచ్చిన మాత్రే అది. కొన్ని యాంటీ ఆక్సిడెంట్ క్యాప్సూళ్లలో విటమిన్ సితో పాటు బీటా కెరోటిన్ కూడా ఉంటుంది. మీరు వాడుతున్న మాత్రల పట్టీ మీద ఏం రాసి ఉందో ఒకసారి చదవండి, డాక్టర్ దగ్గరకు దానిని తీసుకెళ్లండి.

సిగరెట్ మానితే ఊపిరితిత్తుల సామర్థ్యం తగ్గిపోయే వేగం నెమ్మదిస్తుంది. ఆ పని ఏ మాత్రా చేయలేదు. ఒంటరిగా మానలేకపోతే 1800 11 2356 ఉచిత నంబరుకు ఫోన్ చేయండి. ఈ వారంలోనే పల్మనాలజిస్టును (ఊపిరితిత్తుల వైద్యుడిని) కలవండి. కఫంలో రక్తం కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, కూర్చున్నప్పుడే ఆయాసం వచ్చినా ఆ వారం కూడా ఆగవద్దు.