కొత్త ప్రోగ్రెసివ్ కళ్లజోడు మూడు వారాలైనా కుదరకపోతే: న్యూజెర్సీలో నా అనుభవం

నమస్కారం. మీరు అడిగినది ఇది: నలభై ఎనిమిదేళ్ల వయసులో, న్యూజెర్సీలో, మొదటిసారిగా ప్రోగ్రెసివ్ అద్దాలతో (దూరానికీ దగ్గరికీ ఒకే అద్దంలో పవర్ ఉండేవి) కళ్లజోడు చేయించుకున్నారు. మూడు వారాలు గడిచినా తలనొప్పి తగ్గలేదు, మెట్లు దిగుతుంటే నేల కుంగినట్టుంటోంది, కంప్యూటర్ ముందు కూర్చుంటే మెడ పట్టేస్తోంది. దుకాణంవారు మాత్రం అలవాటవుతుందని చెప్పి పంపేస్తున్నారు. సంక్రాంతికి హైదరాబాద్ వెళ్లినప్పుడు అక్కడే కొత్తది చేయించుకుంటే సరిపోతుందా అని మీ సందేహం. సంక్రాంతి దాకా ఆగవద్దని, ఆ దుకాణానికే మళ్లీ వెళ్లమని నా సలహా. అయితే ఈసారి మీ ఇబ్బందిని నోటితో చెప్పి ఊరుకోకుండా, వాళ్ల కంటికి కనిపించేలా చూపించాలి. రెండేళ్ల కిందట దాదాపు ఇదే పరిస్థితి నాకు ఎదురైంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

నాకు ఇంజనీరింగ్ చదివే రోజుల నుంచే మైనస్ 5.50 సైటు ఉంది. నలభై ఐదు దాటాక దానికి చత్వారం తోడైంది. నలభైని చెప్పే సంస్కృత పదం నుంచి పుట్టిన ఈ ఒక్క మాటతో మన పెద్దవాళ్లు ఆ వయసునూ ఆ ఇబ్బందినీ కలిపి చెప్పేశారు. కళ్ల బాధకు తెలుగులో ఉన్నన్ని నికరమైన మాటలు నాకు ఇంగ్లీషులో దొరకలేదు. మొదటిసారి దుకాణానికి తిరిగి వెళ్లినప్పుడు నేను చెప్పాలనుకున్నది "కళ్లు లాగుతున్నాయి" అని. దాన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తోచక "మసకగా ఉంది" అనే అర్థం వచ్చే మాట వాడాను. అక్కడి కుర్రవాడు గోడ మీది అక్షరాల పట్టిక చదవమన్నాడు. చదివాను, చివరి వరుస వరకూ చదవగలిగాను. మసక లేదని తేలిపోయింది కాబట్టి, రెండు వారాలు పెట్టుకుంటే అలవాటవుతుందని చెప్పి పంపేశాడు. తప్పు నేను వాడిన మాటలో ఉందనీ, అతను ఆ మాటకు తగిన పరీక్షే చేశాడనీ నాకు ఆ తర్వాత అర్థమైంది. మసక వేరు, కళ్లు లాగడం వేరు, తూలినట్టుండడం వేరు, అక్షరానికి పక్కన నీడలా ఇంకో అక్షరం కనిపించడం వేరు. ఒక్కోదానికి కారణం ఒక్కోచోట ఉంటుంది.

అలవాటయ్యేది ఏది, కానిది ఏది అన్నది ముందుగా తేల్చుకోవాలి. ప్రోగ్రెసివ్ అద్దంలో పైభాగాన దూరపు చూపు, అక్కడి నుంచి కిందికి సన్నటి దారిలా క్రమంగా పెరిగే పవర్, అడుగున చదవడానికి కావలసిన పవర్ ఉంటాయి. ఆ దారికి రెండు పక్కలా కొంత భాగం అలుక్కుపోయినట్టే ఉంటుంది. ఎంత ఖరీదైన అద్దమైనా దాన్ని తగ్గించగలదే కానీ పూర్తిగా తీసేయలేదు. అందుకే మొదటి వారం పది రోజులు తల తిప్పినప్పుడు గది ఊగినట్టు, కిందికి చూస్తే మెట్టు ఉన్నచోట లేనట్టు అనిపించడం సహజం. చూడదలచుకున్న వైపుకు కళ్లతో పాటు తలను కూడా తిప్పడం నేర్చుకున్న కొద్దీ, రోజంతా అదే జోడు పెట్టుకున్న కొద్దీ ఇది తగ్గుతుంది. మధ్యమధ్యలో పాత జోడుకు మారుతూ ఉంటే మాత్రం ఆ అలవాటు కుదరదు. మీరు అలా చేస్తూ ఉంటే ముందు ఒక వారం అది మానేసి చూడండి.

ఎన్ని వారాలైనా అలవాటు కానివి కొన్ని ఉంటాయి. ఒక కన్ను మూసి ఎదురుగా దూరంగా ఉన్న బోర్డును చూసినప్పుడు ఒక కంటికి స్పష్టంగా, రెండో కంటికి ఎప్పుడూ మసకగా కనిపిస్తే అది పవర్‌లోనో, అద్దం అమర్చిన కోణంలోనో తేడా. తిన్నగా ఎదురుగా ఉన్న పేజీని చదవడానికి ముఖం ఒక పక్కకు తిప్పవలసి వస్తే కళ్ల మధ్య దూరం కొలతలో తేడా. కంప్యూటర్ తెర చదవడానికి గడ్డం పైకెత్తవలసి వస్తే అద్దం ఎత్తు కొలతలో తేడా. మీ మెడ నొప్పి గురించి చదవగానే నాకు తట్టింది ఈ చివరిదే. నా విషయంలో దాన్ని పట్టుకున్నది మా ఆవిడ. నేను ఇంట్లో పని చేసుకుంటుండగా పక్క నుంచి ఒక ఫోటో తీసి చూపించింది. తెర నా కళ్ల ఎత్తులోనే ఉంది, నేను మాత్రం అటక మీద ఏదో వెతుకుతున్నవాడిలా గడ్డం పైకి పెట్టుకుని కూర్చున్నాను.

ఆ ఫోటో, పాత జోడు, ఒక కాగితం పట్టుకుని రెండోసారి వెళ్లాను. కాగితం మీద నాలుగు వాక్యాలే రాసుకున్నాను: ఎంత దూరంలో ఇబ్బంది, ఏ కంటికి, తలను ఎలా పెడితే స్పష్టంగా కనిపిస్తోంది, రోజులో ఎప్పుడు మొదలవుతోంది. ఆ రోజు అక్కడ కాస్త పెద్దవయసు ఆవిడ, లైసెన్సున్న ఆప్టీషియన్ (కళ్లజోడు కొలిచి అమర్చే నిపుణురాలు), ఉన్నారు. ఆవిడ కాగితం చదివి, ఫోటో చూసి, నన్ను అక్షరాల పట్టిక దగ్గరికి పంపలేదు. జోడు తీసుకుని దీపం వైపు వంచి పట్టుకున్నారు. ఒక్కో ప్రోగ్రెసివ్ అద్దం మీద మామూలుగా కంటికి ఆనని రెండు చిన్న చిన్న గుర్తులు చెక్కి ఉంటాయి, వాటి మధ్య దూరం 34 మిల్లీమీటర్లు. ఆవిడ వాటిని వెతికి పట్టుకుని, వాటి మీద సన్నటి మార్కరుతో చుక్కలు పెట్టి, కంపెనీవారి పటం మీద అద్దాన్ని ఉంచి, కనుపాప ఎదుట ఉండవలసిన చోట ఒక కూడిక గుర్తు గీశారు. తర్వాత నా ఎదురుగా, తన కళ్లు నా కళ్ల ఎత్తుకు వచ్చేలా కుర్చీ దించుకుని కూర్చుని, జోడు పెట్టుకోమన్నారు. ముఖం చూసుకునే అద్దం ఒకటి చేతికిచ్చి చూసుకోమన్నారు. కనుపాప మధ్యలో ఉండాల్సిన ఆ గుర్తు రెండు కళ్లకూ కింది రెప్ప అంచు దగ్గర ఉంది. కొలిస్తే 4 మిల్లీమీటర్లు తక్కువ. నేను నెల రోజులుగా ఇంగ్లీషులో చెప్పలేకపోయిన సంగతంతా ఆ రెండు గుర్తుల్లో ఉంది.

కారణం కూడా అక్కడే బయటపడింది. జోడు చేతికిచ్చిన రోజున ముక్కు మీద నొక్కుతోందని నేనే అన్నాను. కుర్రవాడు ముక్కు దిమ్మెలను వెడల్పు చేశాడు. దాంతో ఫ్రేము కిందికి దిగింది, కొలత మాత్రం పాతదే. ఆవిడ దిమ్మెలను తిరిగి దగ్గరికి నొక్కితే ఒకటిన్నర మిల్లీమీటరు పైకి వచ్చింది. మిగతా తేడా మొదటి కొలతలోనే ఉందని, దానికి అద్దాలు మళ్లీ చేయించడమే మార్గమని చెప్పి, ఫ్రేమును ముందు నా ముఖానికి సరిగ్గా కుదిర్చి, ఆ తర్వాతే కొత్త కొలత తీసుకున్నారు. ఈ వరుస చాలా ముఖ్యం. మీ దగ్గర కూడా అలాగే చేయమని అడగండి. పది రోజుల్లో కొత్త అద్దాలు వచ్చాయి. అదనంగా ఏమీ తీసుకోలేదు. మెట్రోపార్క్ స్టేషన్ మెట్లు దిగేటప్పుడు చెయ్యి కమ్మీ మీదికి వెళ్లకుండా దిగడానికి నాకు ఇంకో నాలుగు రోజులు పట్టింది.

ఇలా మళ్లీ చేసి ఇవ్వడాన్ని ఇక్కడ రీమేక్ అంటారు. చాలా దుకాణాలు దీన్ని ఉచితంగా చేస్తాయి కానీ గడువు ఒక్కోచోట ఒక్కోలా, ముప్పై రోజుల నుంచి తొంభై రోజుల దాకా ఉంటుంది. మీకు మూడు వారాలు గడిచిపోయాయి కాబట్టి రసీదు వెనక ఏమి రాసి ఉందో ఈ రోజే చూడండి. డబ్బు వాపసు అడగడం కన్నా రీమేక్ అడగడం మేలు, ఎందుకంటే విజన్ ఇన్సూరెన్సు సాధారణంగా అద్దాలకు ఏడాదికి ఒక్కసారే చెల్లిస్తుంది. ఆ ప్రయోజనాన్ని ఈ జోడు మీద ఇప్పటికే వాడుకున్నారు కాబట్టి, ఇంకోచోట కొత్తగా మొదలుపెడితే ఖర్చంతా జేబులోంచే పెట్టుకోవాలి. అన్నట్టు, న్యూజెర్సీలో కళ్లజోళ్లు అమర్చేవారికి లైసెన్సు ఉండాలి, టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో అది తప్పనిసరి కాదు. లైసెన్సున్న ఆప్టీషియన్ ఏ రోజుల్లో ఉంటారో ఫోనులో కనుక్కుని ఆ రోజే వెళ్లండి. ఇలా అడగడం ఎవరినీ తక్కువ చేయడం కాదు.

కంటి పరీక్ష చీటీ మీ దగ్గర లేకపోతే అడిగి తీసుకోండి. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1978లో చేసిన నియమం ప్రకారం, పరీక్ష పూర్తవగానే, మనం అడగకపోయినా, అదనపు రుసుము లేకుండా డాక్టరు దాన్ని ఇచ్చి తీరాలి. 2024లో దాన్ని సవరించి, చీటీ అందినట్టు మన సంతకం కూడా తీసుకోవాలన్నారు. అయితే కళ్ల మధ్య దూరం, అంటే అందరూ పీడీ అనే కొలత, ఆ చీటీలో రాయాలని ఈ నియమం చెప్పదు. అడిగితే చాలామంది ఇస్తారు. ఒక్కో కంటికి విడివిడిగా రాసి ఇమ్మనండి. నా లాంటి సైటుకు అద్దం కేంద్రం కనుపాప నుంచి 3 మిల్లీమీటర్లు పక్కకు పోతే ఒక్కో కంటి మీద 1.65 ప్రిజం, అంటే చూపును పక్కకు లాగే ప్రభావం, పడుతుంది, కళ్లు రోజంతా దాంతో పెనుగులాడి సాయంత్రానికి కణతలు పగిలిపోయేలా చేస్తాయి. సైటు తక్కువ ఉన్నవారికి అదే తేడా తెలియకుండా పోవచ్చు.

అద్దం అమరిక అంతా సరిగ్గానే ఉందని తేలితే అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లి పవర్ మళ్లీ చూడమనాలి. అంతకన్నా ముందు, చేసిన అద్దంలో చీటీ మీది పవరే ఉందో లేదో లెన్సోమీటరు (అద్దం పవర్ కొలిచే పరికరం) మీద పెట్టి చూపించమని దుకాణంవారిని అడగవచ్చు, నిమిషాల్లో అయిపోయే పని. అసమదృష్టి (ఆస్టిగ్మాటిజం), అంటే కంటి పవర్ అన్ని దిశల్లో ఒకేలా లేకపోవడం, ఉన్నవారికి అద్దం 10 డిగ్రీలు తిరిగిపోతే దిద్దాల్సిన పవర్‌లో మూడో వంతుకు పైగా మిగిలిపోతుంది. ఇంకొక సంగతి మనవాళ్లు తప్పకుండా గుర్తుంచుకోవాలి: మధుమేహం ఉన్నవారికి రక్తంలో చక్కెర బాగా ఎక్కువై ఉన్న రోజుల్లో, లేదా కొత్త మందుతో వేగంగా తగ్గుతున్న రోజుల్లో పరీక్ష చేస్తే వచ్చిన పవర్ కొన్ని వారాలకు మారిపోతుంది. మీకు చక్కెర ఉంటే, పరీక్ష నాటికి అది ఎలా ఉందో డాక్టరుకు చెప్పండి. ఇక ఉన్నట్టుండి ఒకటి రెండుగా కనిపించడం, కంటిలో మెరుపులు, చూపు మీద తెర దిగినట్టుండడం ఉంటే అది కళ్లజోడు సంగతి కాదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

డాలస్‌లో ఉండే మా వదినకు జరిగినది కూడా చెప్పాలి, ఎందుకంటే అది రెండు దేశాల చీటీలు దగ్గర ఉన్నవాళ్లకే వచ్చే చిక్కు. ఆవిడ హైదరాబాద్ చీటీలో మైనస్ 2.00, సిలిండర్ మైనస్ 1.00, యాక్సిస్ 90 అని ఉంది. సిలిండర్ అంటే అసమదృష్టిని దిద్దే పవర్, యాక్సిస్ అంటే అది ఉండాల్సిన కోణం. ఇక్కడి కంటి డాక్టరు రాసినది మైనస్ 3.00, సిలిండర్ ప్లస్ 1.00, యాక్సిస్ 180. సైటు పెరిగిందనీ, కోణం కూడా మారిపోయిందనీ ఆవిడ బెంగపడింది. నిజానికి రెండూ ఒకటే అద్దం. అక్కడివారు సిలిండరును మైనస్‌లో రాశారు, ఇక్కడి ఆ డాక్టరు ప్లస్‌లో రాశారు. సిలిండరును గుర్తుతో సహా మొదటి అంకెకు కలిపి, సిలిండరు గుర్తు మార్చి, యాక్సిస్‌ను 90 తిప్పితే ఒకదాని నుంచి రెండోది వస్తుంది. ఆవిడ ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టేటప్పుడు అలవాటు కొద్దీ ప్లస్ ఉన్నచోట మైనస్ కొట్టింది. వచ్చిన జోడు పెట్టుకుంటే గుమ్మాలన్నీ వంకరగా కనిపించాయి. మొదటి ప్రోగ్రెసివ్ జోడును, సైటు ఎక్కువ ఉన్న జోడును ఆన్‌లైన్‌లో తెప్పించుకోవద్దని నేను గట్టిగా చెప్పడానికి ఇదొక్కటే కాదు కారణం. ముఖం మీద పెట్టి కుదిర్చే మనిషి అక్కడ ఉండరు.

హైదరాబాద్‌లో చేయించుకోవడం గురించి నా అభ్యంతరం కూడా అదే. అక్కడి పరీక్ష మీద నాకు ఏ సందేహమూ లేదు. 1987 నుంచి నడుస్తున్న ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో మా అమ్మకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ చేయించాం. ఖర్చు కూడా తక్కువే. కానీ ప్రోగ్రెసివ్ జోడు చేతికొచ్చిన తర్వాత ఒకటి రెండుసార్లు దుకాణానికి వెళ్లి సరిచేయించుకోవలసి వస్తుందని అనుకునే బయల్దేరాలి. మూడు వారాల సెలవులో పరీక్ష, ఆర్డరు, చుట్టాల ఇళ్లు, పండుగ అన్నీ పోగా జోడు విమానం ఎక్కే ముందు రోజు చేతికొస్తే, అక్కడ కనిపించని తేడా ఇక్కడ ఆఫీసు తెర ముందు కూర్చున్నాక కనిపిస్తుంది. వెళ్లాలనే ఉంటే దిగిన మర్నాడే పరీక్షకు వెళ్లండి. ప్రోగ్రెసివ్ కాకుండా, తెర దూరానికి మాత్రమే సరిపడే సాదా అద్దాలతో ఒక జోడు, దూరపు చూపుకు ఒక జోడు చేయించుకుని అదనంగా తెచ్చుకోండి. తెర జోడుకు మీ కళ్ల నుంచి తెర ఎన్ని సెంటీమీటర్లు ఉందో ఇక్కడే టేపుతో కొలిచి రాసుకుని వెళ్లండి. నాది 68 వచ్చింది; హైదరాబాద్‌లో పరీక్ష చేసినాయన ఆ అంకె చూశాకే పవర్ రాశారు.

ఈ వారంలో దుకాణానికి వెళ్లేటప్పుడు పాత జోడు, చీటీ, రసీదు, పక్క నుంచి తీసిన ఫోటో వెంట ఉంచుకోండి. అక్కడ "అద్దం మీది గుర్తులు వేసి, నా కనుపాపకు ఎదురుగా వస్తున్నాయో లేదో చూపించండి" అని అడగండి.