ఫోన్ నేర్పాల్సింది మీరు కాదమ్మా, మీ ఆయన

'మా అత్తమ్మకు 61 ఏళ్లు. రైల్వేలో పనిచేసిన మామయ్య పోయినేడు కాలం చేశారు. ఆమెను కాజీపేట నుంచి హైదరాబాద్ తెచ్చుకున్నాం. మా ఆయన స్మార్ట్‌ఫోన్ కొనిచ్చి, నేర్పే పని నాకు అప్పగించారు. గ్యాస్ బుకింగ్, ఫోన్‌పే రోజూ నా ఫోన్‌లో చూపిస్తున్నా, తెల్లారేసరికి మర్చిపోతుంది. విసుక్కుంటే కిందికెళ్లి వాచ్‌మన్ కొడుకుని అడుగుతుంది. పరువు పోతోంది. మోసపోతుందన్న భయంతో ఆమె బ్యాంకు ఖాతాకు మా ఆయన నంబరే ఇచ్చాం. పెద్దవాళ్లకు ఇవన్నీ నేర్పే కోచింగ్ ఎక్కడైనా ఉందా?'
- ఒక కోడలు, హైదరాబాద్

కోచింగ్ మాట వదిలేయండి. వాచ్‌మన్ కొడుకు చెబితే అర్థమవుతోందంటే, ఆమెకు నేర్చుకునే తెలివి ఉన్నట్టే. ఆ పిల్లాడు ఫోన్ ఆమె చేతిలోనే ఉంచి, ఆమెతోనే నొక్కిస్తూ ఉంటాడు. అందులో పోయే పరువేమీ లేదు.

మీరు ఒక్క వాక్యంలో దాటేసిన ఆ బ్యాంకు నంబరు దగ్గరే నేను ఆగిపోయాను. బ్యాంకులో ఏ నంబరు ఇచ్చామో, ఆ సిమ్ ఉన్న ఫోన్‌లోనే ఆ ఖాతాకు యూపీఐ మొదలవుతుంది. మీరు ఎన్ని సాయంత్రాలు చెప్పినా ఆమె ఫోన్‌లో ఆమె డబ్బు కదలదు. తనది కాని ఫోన్‌లో, తనది కాని ఖాతాలో చూసింది ఎవరికి గుర్తుంటుంది?

అసలు చిక్కు అత్తాకోడళ్ల మధ్య లేదు, తల్లీకొడుకుల మధ్య ఉంది. ఇన్నేళ్లూ ఇల్లు నడిపిన మనిషి, భర్త పోయాక వచ్చే పెన్షన్ ఎంత పడిందో కొడుకుని అడిగి తెలుసుకోవాలా? తల్లి పక్కన పది నిమిషాలు కూర్చునే తీరిక లేనివాడికి, ఆమె బ్యాంకు మెసేజ్‌లు చూసుకునే తీరిక ఎలా దొరికింది? మీ ఆయన దురుద్దేశంతో చేశారని నేను అనడం లేదు. పోలీసులమంటూ వీడియో కాల్ చేసి 'డిజిటల్ అరెస్ట్' పేరుతో దోచుకునేవాళ్లు ఉన్నారు. అయితే వాళ్ల వలలో చదువుకున్న ఉద్యోగులు కూడా పడుతున్నారు. అందుకని మీ ఆయన ఖాతాకున్న ఫోన్ నంబరు తీసి వేరేవాళ్లది పెట్టేయం కదా!

ఈ వారమే ఆయన సెలవు పెట్టి, పాస్‌బుక్, ఆధార్ పట్టుకుని తల్లిని బ్యాంకుకు తీసుకెళ్లి ఆమె నంబరే పెట్టించాలి. భయం పోకపోతే కొద్ది డబ్బుతో ఆమె పేరిటే ఇంకో ఖాతా తెరిచి, దానికే యూపీఐ కలపండి. పెన్షన్ ఆగకుండా, బతికే ఉన్నానని చూపే లైఫ్ సర్టిఫికెట్ నవంబరులో ఎలాగూ ఇవ్వాలి. దాన్ని ఆన్‌లైన్‌లో ఇచ్చే జీవన్ ప్రమాణ్ 2014 నుంచే ఉంది, ఇప్పుడు ఫోన్ కెమెరాలో ముఖం చూపించినా సరిపోతుంది. అది ఆమె తన చేత్తో చేయాలి, కొడుకు పక్కన కూర్చోవాలి. ఆ కూర్చోవడం మీకు అప్పగించే పని కాదు. ఈ మాట ఆయనతో నేరుగా చెప్పండి, మొహమాటపడకండి.

మీరు చేయగలిగింది కొంచెమే. ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసి, భాష తెలుగులోకి మార్చండి. మైకు గుర్తు నొక్కి మాట్లాడితే టైపు చేసే బాధ ఉండదని చూపించండి. ముందు ఆమె మనసు పడేవి, ప్రవచనాలో, చెల్లెలితో వీడియో కాలో నేర్చుకోనివ్వండి. తర్వాత మీకే పది రూపాయలు పంపమనండి. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదని, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని పదేపదే చెప్పండి, విసుక్కోకుండా.

విసుగు గురించి ఎందుకింత గట్టిగా అంటున్నానంటే, మోసం జరిగితే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. తిడతారన్న భయమున్న ఇంట్లో పెద్దవాళ్లు ఆ సంగతి రెండు రోజులు దాచిపెడతారు. మీ అత్తమ్మ తప్పు చేసిన నిమిషానికే వచ్చి మీతో చెప్పగలగాలి.